ముక్కు పైకెత్తిన దొరసాని

హిబారా
6 ఫిబ్రవరి 1994

తమ్ముడు ఎవెలియోకి,

నాన్న పోయి రేపటికి మూడు నెలలు. నీకు రాద్దామని కూర్చున్న ప్రతిసారీ బడి పిల్లల నోటు పుస్తకాలు ముందుకొచ్చి కూర్చునేవి. ఈ కాగితం కూడా నిరుటి పరీక్ష పేపరే. వెనక వైపు తెల్లగా ఉందని దాచాను. ముందు వైపు ఎవడో భాగహారం అడ్డదిడ్డంగా చేశాడు, చూసి నవ్వుకో.

నేను బాగానే ఉన్నాను. మోకాలు మాత్రం మెట్లు కనిపిస్తే మొరాయిస్తోంది. ఈ నెల రేషన్లో బియ్యం వచ్చాయి, నూనె రాలేదు. కాఫీలో బఠాణీ పొడి కలిసిందో, బఠాణీ పొడిలో కాఫీ కలిసిందో తెలియడం లేదు. పక్కింటి సోయ్లా ఎప్పటిలాగే గోడ మీద మోచేతులు ఆనించి, మన కుండలో ఏం ఉడుకుతోందో మూత తీయకుండానే చెప్పేస్తోంది.

అసలు సంగతి దొరసాని గురించి. పోయే ముందు నాన్న, "బండిని ఏం చేయాలో మీరిద్దరూ కలిసి తేల్చుకోండి, ఒక్కరే తేల్చొద్దు" అన్నాడు. అంత్యక్రియలకు నువ్వొచ్చింది ఒక్క పూట. అప్పుడు ఆ మాట ఎత్తడానికి నోరు రాలేదు. నలభై ఏళ్లు హిబారాకీ ఓల్గీన్‌కీ మధ్య మనుషుల్నీ, మేకల్నీ, నొప్పులొచ్చిన ఆడవాళ్లనీ మోసిన టాక్సీ బండి ఇప్పుడు షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది. ఇంజన్ పని అయిపోయిందని నాన్నే అన్నాడు.

నాకు తోచింది చెబుతున్నాను. విప్పేసి పార్టులుగా ఇచ్చేద్దాం. డోర్లు, అద్దాలు, గేర్ బాక్సు, వీటి కోసం ఓల్గీన్‌లో మనుషులు కాచుకుని ఉన్నారు. ఈ ఉప్పుగాలికి రేకు తుప్పు పట్టి ఎవరికీ పనికిరాకుండా పోయేలోపు నాలుగు బండ్లయినా దానివల్ల తిరుగుతాయి. నువ్వు సరేనని ఒక్క ముక్క రాస్తే చాలు.

మరదలు మిర్తాని అడిగానని చెప్పు.

నీ అక్క
నెరెయిదా


హొవెయానోస్
2 మార్చి 1994

అక్కా,

నీ ఉత్తరం పందొమ్మిది రోజులు ప్రయాణం చేసి నా చేతికొచ్చింది. నడిచొచ్చినా అంత పట్టేది కాదేమో.

"విప్పేద్దాం" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇది నీ చేతిరాతేనా అని మళ్లీ చూసుకున్నాను. దొరసానిని విప్పడమా? ఆ పేరు పెట్టింది అమ్మ కాదా! పొద్దున్నే నాన్న బానెట్ మీద చెయ్యి వేసి బతిమాలితే గానీ అది కదిలేది కాదు. "నన్నెప్పుడైనా అలా బతిమాలావా?" అని అమ్మ దెప్పడం, నాన్న వినపడనట్టు చక్రాలు తుడవడం, నీకు గుర్తులేదా?

నాకు పందొమ్మిదేళ్లప్పుడు, మనూరి పక్క మిల్లులో లేత్ పని నేర్చుకుంటున్నప్పుడు, నేను మొదటిసారి సొంతంగా తీసిన పని ఆ ఇంజన్‌దే. ఆరు సిలిండర్లకీ లోపల తొడిగే ఆరు స్లీవులు. అంతకుముందు నాలుగు చెడగొట్టాను. ప్రతిసారీ నాన్న "ఇంకోటి తియ్" అన్నాడంతే. ఆ ఇంజన్‌ని తుక్కు కింద చూడమంటే నావల్ల కాదు.

బాగుచేద్దాం. అసలు "పని అయిపోయింది" అంటే ఏమైందట? పట్టేసిందా? పొగ కొడుతోందా? నూనె తాగుతోందా? మనిషి జబ్బుపడితే డాక్టరుకి ఇలాగే చెబుతావా? బానెట్ ఎత్తి చూసి వివరంగా రాయి. ఎడమవైపు, బ్లాకు మీద నంబరు చెక్కి ఉంటుంది. అదీ రాసి పంపు. బండి కాగితం కూడా రిజిస్టరు చేసి పంపించు. అది నా దగ్గరుండడం మంచిది.

మిల్లులో పని ఊపిరి తీసుకోనివ్వడం లేదు. మిర్తా బాగుంది, నిన్ను అడిగానని చెప్పమంది.

ఎవెలియో


హిబారా
28 మార్చి 1994

ఎవెలియోకి,

బానెట్ తాళం బిగుసుకుపోయింది. ఎత్తడం నావల్ల కాలేదు. నంబరు చూడలేదు.

ఎండ్రకాయలు ఈసారి తొందరపడ్డాయి. కొండ మీంచి దిగి రోడ్డంతా ఎర్రగా కమ్మేశాయి. పిల్లలు బడికి గెంతుకుంటూ వస్తున్నారు. ఆ రోజుల్లో నాన్న ఇలాంటి వారమంతా బండి తీసేవాడు కాదు, టైర్లు కోసుకుపోతాయని.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. బండి ఇక్కడుంటే కాగితం అక్కడెందుకు? ఇంజన్ బాగుచేసేవాడికి రెంచీలు కావాలి గానీ కాగితం దేనికి? నంబరు దేనికి? రెండూ కలిపి అడిగేసరికి నాకు ఏదోలా అనిపించింది.

ఇంకోటి. మిర్తా ఎప్పుడూ నీ ఉత్తరం చివర తన వంకర అక్షరాలతో నాలుగు ముక్కలు రాసేది. నా మోకాలికి ఏ ఆకు కట్టాలో చెప్పేది. ఈసారి లేవు. దానికి ముందు ఉత్తరంలోనూ లేవు. చేతికేమైనా అయిందా?

నెరెయిదా


హొవెయానోస్
24 ఏప్రిల్ 1994

అక్కా,

నీ గుమ్మం దాకా వచ్చిన మనిషిని నేనే పంపానని దాచను. మిలిటరీలో నాతో ఉన్న హసింతో ఇప్పుడు దూరపు బస్సు నడుపుతున్నాడు. ఓల్గీన్ దాకా వస్తున్నాడంటే, ఒకసారి మా ఇంటికి వెళ్లి ఇంజన్ చూసి రారా అన్నాను. తిరిగొచ్చి వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మీ అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయిందిరా. షెడ్డు ఒకసారి చూడొచ్చా అక్కా అంటే, తాళంచెవి బడిలో మర్చిపోయానంది. ఆదివారం బడేంట్రా? సరేలే అని వెనక నుంచి వెళ్లి తలుపు సందులోంచి చూశా. టార్పాలిన్ కప్పేసి, ముందువైపు ఇంత లావు గొలుసు చుట్టి తాళం వేసుంది. పిచ్చి కుక్కని కట్టేసినట్టు. కానీ ఒకటి చెబుతా విను. మీ దొరసాని ముక్కు పైకెత్తుకుని కూర్చుంది."

అక్కా, నేను పాతికేళ్లకు పైగా ఇనుముతో బతుకుతున్నాను. ఇంజన్ బరువు లేకపోతేనే ముందు స్ప్రింగులు సాగి బండి ముక్కు పైకి లేస్తుంది. తాళం బిగుసుకుపోలేదు. తాళం నువ్వే వేశావు. లోపల ఇంజన్ లేదు.

ఇంకా ఉంది. వంటింట్లో రబ్బరు బూట్లు వేసుకున్న పెద్దాయన ఒకడు సొంతింట్లో లాగా కాఫీ తాగుతున్నాడట. బల్ల మీద రెండు ఎర్ర చేపలు. హసింతో గోడ దగ్గర సోయ్లాని పలకరిస్తే, "ఉబాల్దోనా? ప్రతి ఆదివారం వస్తాడు నాయనా, వట్టి చేతుల్తో రాడు. ఊరికే చేపలు తెచ్చిచ్చే మగాణ్ణి నేనైతే ఇంతవరకు చూళ్లేదు" అందట.

నీకు యాభై నాలుగేళ్లు. నీ బతుకు నీ ఇష్టం. కానీ ఆయన నీకోసం వస్తున్నాడా, గేర్ బాక్సు కోసం వస్తున్నాడా, అది ఆలోచించుకో. ఇంజన్ ఎక్కడుందో రాయి.

ఎవెలియో


హిబారా
15 మే 1994

ఎవెలియో,

నా ఇంటి తలుపు సందులోంచి తొంగి చూడడానికి మనిషిని పంపావా? నేను నీకు పలక మీద అక్షరాలు దిద్దించిన దాన్ని. ముక్కు తుడిచిన దాన్ని. ఆ బస్సువాడు మర్యాదగా అడిగి ఉంటే అన్నం పెట్టి పంపేదాన్ని.

ఉబాల్దోకి అరవై ఆరు. ఎడమ చెవి వినపడదు, కుడి చెవితో తనకి నచ్చినవే వింటాడు. భార్య, ఇద్దరు కోడళ్లు, నలుగురు మనవలు. నాన్న బతికుండగా ఆయన నాన్నకో మాట ఇచ్చాడు, నిలబెట్టుకుంటున్నాడు. అంతకుమించి అడక్కు. నేనూ నాన్నకో మాట ఇచ్చాను. నువ్వు రాసిన ఆ గేర్ బాక్సు మాట మాత్రం చదివాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇక నా వంతు. మిర్తాకి విడిగా ఉత్తరం రాశాను. జవాబు మీ ఇంటి నుంచి రాలేదు. కార్దెనాస్ నుంచి, వాళ్ల అమ్మగారింటి నుంచి వచ్చింది. "వదినా, నేనక్కడ లేను. నిరుడు జూలైలోనే వచ్చేశాను. ఆయన మీకు చెప్పలేదంటే ఇంకా ఎవరికీ చెప్పలేదన్నమాట" అని రాసింది. "నిన్ను అడిగానని చెప్పమంది" అని ఏ మొహంతో రాశావు?

ఇంత చిన్న సంగతిలో, కాదు, ఇంత పెద్ద సంగతిలో అబద్ధం ఆడినవాడు బండి కాగితం పంపమంటే నేనేం అనుకోవాలి? పాతకాలం బండ్లని మాత్రమే అమ్ముకోనిస్తారు గనక, ఆ కాగితానికి ఈ రోజుల్లో బండి కంటే గిరాకీ ఎక్కువని ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. దాన్ని ఎవరికి ఇస్తానని మాటిచ్చావు? మిర్తా ఎందుకు వెళ్లిపోయింది?

కాగితం నా దిండు కింద ఉంది. అక్కడే ఉంటుంది.

నెరెయిదా


హొవెయానోస్
11 జూన్ 1994

నెరెయిదాకి,

మిర్తా సంగతి మిర్తాదీ నాదీ. నీకు దాంతో పనిలేదు.

ఇంజన్ ఎక్కడుందని అడిగాను. నాన్నకిచ్చిన మాట అంటున్నావు. చచ్చిపోయిన మనిషిని అడ్డం పెట్టుకుంటే ఎవరూ తిరిగి అడగలేరు కదా. తెలివైన పనే.

నువ్వు చెప్పకపోతే తెలుసుకునే దారులు వేరే ఉన్నాయి.

ఎవెలియో


హిబారా
20 ఆగస్టు 1994

ఎవెలియోకి,

రెండు నెలలు నీకు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

ఈ నెలలో దేశం దాటిపోయేవాళ్ల కోసం తీరం పొడవునా పడవల్ని ఎలా గాలిస్తున్నారో నీకు చెప్పక్కర్లేదు. మొన్న తొమ్మిదో తారీఖున రేవు ఆఫీసు వాళ్లు ఇద్దరు తిన్నగా ఉబాల్దో పడవ దగ్గరికే వెళ్లారు. మిగతా వాటివైపు చూడనైనా లేదు. నేను బడి నుంచి వస్తూ జనం మూగితే ఆగాను.

"ఈ ఇంజన్ ఎక్కడిది?" అన్నాడు ఆఫీసరు.

"లియోన్సియో ఇచ్చాడు."

"కాగితముందా?"

"మనిషి ఇచ్చాడయ్యా. కాగితం ఇవ్వలేదు."

"ఆ మనిషి ఎక్కడున్నాడు?"

ఉబాల్దో శ్మశానం ఉన్న కొండవైపు చెయ్యి చూపించాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

ఎవరో ఉత్తరం రాశారట. పేరు లేదు. "చనిపోయిన టాక్సీ డ్రైవరు లియోన్సియో బండి ఇంజన్‌ని ఊళ్లో వాళ్లెవరో కాజేశారు, అది ఏ పడవలోనో ఉండి ఉంటుంది, బ్లాకు ఎడమవైపు నంబరు సరిచూడండి" అని. పడవని ఒడ్డుకి లాగారు. ఇంజన్ విప్పి ఆఫీసు వాకిట్లో గోనెపట్టా మీద పెట్టారు. పన్నెండు రోజులుగా ఆ ఇంట్లో పది మంది ఒడ్డున కూర్చున్నారు.

నాన్నకిచ్చిన మాట ఈ పేజీతో తప్పుతున్నాను. ఆయనే నన్ను క్షమించాలి.

నిరుడు మార్చిలో నా చూపు పోవడం మొదలైంది. ఊళ్లో చాలామందికి అదే జబ్బు. ముందు నల్లబల్ల మీద అక్షరాలు అలుక్కుపోయాయి, తరవాత పిల్లల మొహాలు. పేర్లు గొంతుల్ని బట్టి పిలిచేదాన్ని. డాక్టరు విటమిన్ మాత్రలిచ్చి, "దీనికి అసలు మందు తిండి. చేపో, మాంసమో ఒంటికి పట్టాలి" అన్నాడు. ఎక్కడి నుంచి తేవాలి? పెట్రోలు లేక బండి అప్పటికే ఏడాదిగా కదల్లేదు. చేపల సంఘం ద్వారా పడవలకి మాత్రం కొంచెం పెట్రోలు అందేది, కానీ అదే రోజుల్లో ఉబాల్దో పడవ ఇంజన్ బద్దలైంది. నాన్న ఒక సాయంత్రం రేవుకి నడిచి వెళ్లాడు. మర్నాడు ఉబాల్దో, వాళ్ల పెద్దకొడుకు చైన్ బ్లాకు తెచ్చి ఇంజన్ పైకి లాగారు. కంచరగాడిద బండి మీద పెట్టారు. నాన్న ఆ బండి వెనక రేవుదాకా నడిచాడు, టోపీ చేత్తో పట్టుకుని. ఇంజన్ తిరిగినన్నాళ్లూ వారం వారం మనింటికి చేప. అదీ ఒప్పందం.

నాకు చూపు తిరిగొచ్చింది ఎవెలియో. ఈ ఉత్తరం కళ్లద్దాలు లేకుండా రాస్తున్నాను. నిరుడు నీకు పంపిన ఉప్పుచేపల డబ్బా కూడా ఆ ఇంజన్ పెట్టినదే.

బానెట్‌కి గొలుసు చుట్టింది నాన్న. "వాడికి తెలియనివ్వకు. వాడి చేత్తో తీసిన స్లీవులు అందులో ఉన్నాయి. వాడొచ్చేలోపు ఇంకో ఇంజన్ సంపాదించి పెడతాను" అన్నాడు. సంపాదించేలోపే పోయాడు. విప్పేద్దామని నేను రాసింది అందుకే. ముక్కలైపోతే ఇక ఎవరూ బానెట్ ఎత్తి చూడరు కదా అనుకున్నాను.

ఆ ఉత్తరం రాసింది సోయ్లా. ఇంకెవరు? నీ బస్సు స్నేహితుడికి మన ఇంటి సంగతులు వాగింది అదే. మొన్న రొట్టెల క్యూలో అందరి ముందూ అడిగేశాను, "నోరు చాలక చేత్తో కూడా మొదలుపెట్టావా?" అని. ఇంకా చాలా అన్నాను. అది ఒక్క మాట తిరిగి అనలేదు. నా మొహం వంక చూసి, క్యూలోంచి తప్పుకుని, రొట్టె తీసుకోకుండానే ఇంటికెళ్లిపోయింది. తప్పు చేసింది గనకే నోరు లేవలేదని అక్కడున్నవాళ్లంతా అన్నారు.

ఆఫీసరు ఆ కాగితం నాకు చూపించాడు. పెద్దపెద్ద అక్షరాలు, పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. అందులో "బ్లాకు" అన్న మాట ఉంది. సోయ్లాకి ఆ మాట ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేను అంతకుమించి ఏమీ అనుకోదలుచుకోలేదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఇద్దరు వారసులమూ నోటరీ ముందు సంతకాలు పెట్టి "మా నాన్నే ఇచ్చాడు" అంటే ఇంజన్ పడవకి వెళ్తుంది. అప్పుడు బండి పేరు రిజిస్టరులోంచి కొట్టేస్తారు, దొరసాని ఇక రోడ్డెక్కదు. అలా కాదు, ఇంజన్ మాదే అంటే మన షెడ్డుకి తెచ్చి దింపుతారు. సెప్టెంబరు ఆఖరులోపు తేల్చమన్నారు.

నువ్వు బాగుచేద్దామన్నావు. నేను కాదన్నాను. ఇంజన్ ఇప్పుడు ఆఫీసు వాకిట్లో ఉంది. ఏది రాస్తావో నీ ఇష్టం. నా సంతకం ఉబాల్దో కాగితం మీద పెట్టి ఇందులో పంపుతున్నాను. కింద నీ చోటు ఖాళీగా ఉంది.

నెరెయిదా


హొవెయానోస్
8 సెప్టెంబరు 1994

అక్కా,

సోయ్లా కాదు. నేను.

ఎడమచేత్తో రాశాను. ముద్ర మా ఊరిది పడకూడదని మతాన్సాస్ వెళ్లి పోస్టు చేశాను. డబ్బాలో వేశాక చెయ్యి లోపలికి పెట్టి అందుతుందేమోనని చూశాను. అందలేదు. అంతలో బస్సొచ్చింది, ఎక్కేశాను. నీకు ఉత్తరం వచ్చేదాకా అది ఎక్కడికీ చేరలేదనే నమ్ముకున్నాను.

నిన్ను దొంగ అనుకోలేదు. ఆయన నిన్ను మోసం చేస్తున్నాడనుకున్నాను. ఇది కూడా పూర్తి నిజం కాదు. కొన్ని రోజులు నిన్నూ అనుకున్నాను.

మిల్లులో లేత్ ఆగి పదకొండు నెలలైంది. కరెంటు లేదు, పని లేదు. మమ్మల్ని చెరకు తోటలో కలుపు తీయడానికి పంపుతున్నారు. పని ఊపిరి తీసుకోనివ్వడం లేదని నీకు రాసిన రోజు నేను కొడవలి పట్టుకుని గట్టు మీద కూర్చుని రాశాను. మిర్తా అంతకు ముందే వెళ్లిపోయింది. షిఫ్టులు తగ్గడం మొదలైనప్పటి నుంచి నేను ఇంట్లో మాట్లాడ్డం మానేశానంది. గోడతో కాపురం చేయలేనంది. నిజమే చెప్పింది.

నాకు ఇంటికి వచ్చేయాలనుంది అక్కా. నాన్న పోయినప్పటి నుంచీ అదే ఆలోచన. దొరసానిని బాగుచేసుకుని, నాన్న తిప్పిన దారిలోనే ఓల్గీన్‌కి తిప్పుకుంటూ బతుకుదామని. కాగితం అందుకే అడిగాను, నడిపే పర్మిషన్‌కి దరఖాస్తు పెట్టడానికి. నలభై ఏడేళ్లొచ్చి చేతులూపుకుంటూ తిరిగొస్తున్నానని రాయడానికి సిగ్గేసింది. ఆ మాటకి బదులు బాగుచేద్దామని రాశాను. హసింతో వచ్చి బండి ముక్కు పైకి లేచి ఉందన్నప్పుడు, నేను రావాల్సిన దారిని ఎవరో పీక్కుపోయినట్టనిపించింది.

నోటరీ ఆఫీసుకి రెండు కాగితాలు పట్టుకెళ్లాను. ఒకటి నువ్వు పంపింది. ఇంకోటి, ఇంజన్ మాదేనని నేను రాసుకున్నది. అబద్ధమాడను, ఆ రెండోది పైజేబులో ఉంది. టైపు చేసే అమ్మాయి, "ఏదండీ? తొందరగా చెప్పండి, కరెంటు పోయేలా ఉంది" అంది. పిల్లల పేర్లు గొంతుని బట్టి పిలిచేదాన్నని రాశావే, అది గుర్తొచ్చింది. నువ్వు సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల వైపు తిరిగి, ఏమీ కనపడక, కనపడినట్టు నటిస్తూ నిలబడి ఉంటావు. నాకు తెలుసు నీ సంగతి. మాకెవరికీ చెప్పి ఉండవు. ఆ ఏడాది నేను నీకు ఎన్ని ఉత్తరాలు రాశానో లెక్కపెట్టుకుంటే ఒకటి తేలింది. అందులోనూ టైర్ల గురించే రాశాను.

నీ కాగితం మీదే సంతకం పెట్టాను. పోస్టుని నమ్మలేక హసింతో చేతికిచ్చి పంపుతున్నాను. ఈసారి తలుపు ముందు నుంచే వస్తాడు.

సోయ్లాకి నేనే చేశానని చెప్పు. ఉబాల్దోకి కూడా చెప్పు, కుడి చెవిలో, గట్టిగా. ఆయన నన్ను ఏమన్నా అననీ.

నువ్వు రాయకపోయినా నాకు అర్థమవుతుంది.

ఎవెలియో


టెలిగ్రాం
హిబారా, 15 సెప్టెంబరు 1994

కాగితం చేరింది. ఆఫీసులో ఇచ్చాను. ఉత్తరం చదివాను. ఇప్పుడే ఏమీ రాయలేను. నెరెయిదా


హిబారా
16 అక్టోబరు 1994

తమ్ముడూ,

నెల పట్టింది నాకు, కలం పట్టుకోవడానికి. మధ్యలో రెండు ఉత్తరాలు మొదలుపెట్టి చించేశాను. కాగితాలకి ఉన్న కరువులో అది నీమీద కోపం ఎంతో చెబుతుందనుకుంటాను.

ఇంజన్ పడవలో కూర్చుంది. సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన నీళ్లలోకి దింపారు.

ముందు సోయ్లా దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్ల పక్కింటికి మొదటిసారి వీధి తలుపు తట్టి వెళ్లాను. బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"సోయ్లా, క్యూలో నేను నిన్ను అనకూడని మాటలన్నాను" అన్నాను.

"నాలుగు అన్నావు. రెండు నిజమే, అవి ఉంచుకుంటా. మిగతా రెండు వెనక్కి తీసుకో."

తీసుకున్నాను. తరవాత నీ సంగతి చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు ఆ రోజే తెలుసమ్మా. ఆ బస్సబ్బాయి ఉబాల్దో గురించి ఒక్క ముక్క అడిగి, ఆ తరవాతంతా ఇంజన్ గురించే అడిగాడు. దాని కోసం అంత దూరం నుంచి మనిషిని పంపేది ఎవరు? మీ తమ్ముడు కాక?"

"మరి క్యూలో ఎందుకు చెప్పలేదే?"

"అందరి ముందూనా? నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. మరీ అంత చెడ్డది కాదు."

నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. అది లేచి వచ్చి ఓదార్చలేదు. బియ్యం పళ్లెం నా ఒళ్లో పెట్టి, "ఊరికే కూర్చోకు, రాళ్లు ఏరు" అంది.

ఉబాల్దోకి ఒడ్డున చెప్పాను, నువ్వు చెప్పమన్నట్టే. మూడుసార్లు అరవాల్సొచ్చింది. రేవులో సగం మందికి తెలిసిపోయింది, దానికి నువ్వే బాధ్యుడివి. ఆయన వల అల్లడం ఆపలేదు. పెద్దకొడుకు మాత్రం లేచి నీ గురించి ఒక మాట అన్నాడు, అది నేను రాయను.

కాసేపటికి ఉబాల్దో అడిగాడు, "ఆ స్లీవులు తీసినవాడేనా?"

"వాడే."

"మంచి పని. ఇన్నేళ్లకీ అరగలేదు." మళ్లీ వల అల్లాడు. "యాభై రోజులు పోగొట్టాడు నాకు. ఇప్పుడేం చేస్తున్నాడు?"

"చెరకులో కలుపు తీస్తున్నాడు."

"మా సంఘం షెడ్డులో లేత్ ఉంది. తిప్పేవాడు పోయి రెండేళ్లయింది. కరెంటు ఏ వేళకొస్తే ఆ వేళకి లేచి తిప్పాలి. పడవని ఒడ్డుకి లాగినప్పుడు నా ప్రొపెల్లరు షాఫ్టు వంగిపోయింది. వచ్చి కొత్తది తియ్యమను. మాట్లాడాల్సింది ఏమైనా ఉంటే ఆ తరవాత మాట్లాడతాను."

కొడుకు కాదన్నాడు. ముసలాయన ఆ మాట ఎడమ చెవితో విన్నాడు.

దొరసానిని విప్పేశాం. నువ్వు సంతకం పెట్టాక ఇక చేయగలిగింది అదే. రెండు రోజులు పట్టింది. గేర్ బాక్సు బెలాస్కో ఊరి టాక్సీవాడికి వెళ్లింది, ఏడు నెలలుగా ఆగిపోయి ఉన్నాడట పాపం. డోర్లు, అద్దాలు ఓల్గీన్ వాళ్లు పట్టుకెళ్లారు. వెనక సీటు ఆసుపత్రి వరండాలో వేయించాను. నిన్న అటు వెళ్తే ఒక గర్భిణి దాని మీద కాళ్లు చాపుకుని నిద్రపోతోంది. స్టీరింగు ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. తరవాత ఇచ్చేశాను. అడిగినవాడి బండికి స్టీరింగే లేదు, ఏదో ఇనప రాడ్డు పట్టుకుని తిప్పుతున్నాడు.

చివరి చక్రం వెళ్లిపోయాక నేను షెడ్డులో నిలబడితే చాలా పెద్దదిగా కనిపించింది. నేల మీద నూనె మరక ఉంది, ఇసక పోసి రుద్దినా పోలేదు. గోడలకి సున్నం వేయిస్తున్నాను. మంచం పడుతుంది, బల్ల పడుతుంది. వర్షానికి కురిసే చోట మాత్రం నువ్వే రేకు కొట్టుకోవాలి.

మిర్తాకి నేనేమీ రాయలేదు. అది నువ్వు రాయాల్సిన ఉత్తరం. కుడిచేత్తో రాయి.

నిన్ను క్షమించానని ఇందులో రాయడం లేదు. అది ఉత్తరాల్లో అయ్యే పని కాదు. ముందు నీ మొహం చూసి తిట్టాలి, నువ్వు తలొంచుకుని వినాలి, ఆ తరవాత అన్నం పెట్టాలి. ఏ రోజు బయల్దేరుతున్నావో రాయి. ఆ ఉత్తరం కంటే ముందు నువ్వే చేరేటట్టయితే, రాయకు.

అక్క